తిరుమలగిరి దండులో పనిచేసిన బ్రిటిష్ సైనికుడి సర్వీసు రికార్డు ఎలా వెతకాలి?

మీ ప్రశ్నలో ఇద్దరున్నారు. ఒకరు మీ అమ్మమ్మగారి తాత. 1880లలో సికింద్రాబాద్ తిరుమలగిరి దండులో ‘బ్రిటిష్ ఆఫీసర్’గా ఉండేవారని, ఇక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడ్డారని మీ ఇంట్లో చెప్పుకుంటారు. బర్మా అని పట్టీ ఉన్న పతకం ఒకటి, 1889 నాటి బాప్టిజం నకలు ఒకటి మీ దగ్గరున్నాయి. రెండోవారు ఆయన కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో (నేటి ఇరాక్‌లో) చనిపోయారన్నది తప్ప ఆయన గురించి మీకు ఏమీ తెలియదు. లండన్‌కు పేర్లు రాసి పంపితే సర్వీసు రికార్డులు పంపిస్తారా అని అడిగారు.

పేరు ఒక్కటే పంపితే పని జరగదు. ఆ కాలపు బ్రిటిష్ సైన్యంలో మనిషిని గుర్తుపట్టేది రెజిమెంటుతో, ఆ రెజిమెంటు ఇచ్చిన నంబరుతో. పేరు ఆ తరువాతి మాట. ఒకే పేరున్న వాళ్లు ఒకే బెటాలియన్‌లో ముగ్గురు నలుగురు కనిపిస్తారు. ఇంట్లో చెప్పకుండా వచ్చి మారుపేరుతో చేరినవాళ్లున్నారు. పేరును గుమస్తా విన్నట్టు రాసుకుంటే ఆ స్పెల్లింగే జీవితాంతం నిలిచిపోయినవాళ్లూ ఉన్నారు. పైగా నంబరు సైన్యమంతటికీ ఒక్కటి కాదు. 1920 దాకా ఏ రెజిమెంటు వరుస దానిదే. మనిషి రెజిమెంటు మారితే నంబరూ మారేది.

వెతుకులాట మొదలుపెట్టేముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఆ సైన్యం కాగితాలు దాచింది చరిత్ర కోసం కాదు, డబ్బు లెక్క కోసం. జీతం ఇచ్చినందుకు జీతాల పట్టీ, పింఛను ఇవ్వడానికి సర్వీసు పత్రం, చనిపోయినవాడికి రావలసిన బాకీ ఇంటివాళ్లకు చెల్లించినందుకు ఒక పద్దు. ప్రభుత్వం ఎవరికి పింఛను చెల్లించవలసి వచ్చిందో వాళ్ల కాగితాలు చాలావరకు మిగిలాయి. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్లవి, పారిపోయినవాళ్లవి ఎక్కువగా పోయాయి. అందుకే ‘రికార్డు ఉందా?’ అని అడిగే కన్నా ‘ఆయనకు ఆఖరుసారి డబ్బు చెల్లించింది ఎవరు, దేనికోసం?’ అని అడిగితే దారి త్వరగా దొరుకుతుంది.

ముందు ఆయన ఏ సైన్యమో తేలాలి. సికింద్రాబాద్‌లో కనిపించే తెల్ల సైనికులందరూ ఒకే సైన్యం వాళ్లు కారు. రాణి సైన్యపు, అంటే బ్రిటన్ సొంత సైన్యపు రెజిమెంట్లు కొన్నేళ్ల పాటు ఇండియాలో ఉండి వెళ్లిపోయేవి. వాటి కాగితాలు లండన్ శివార్లలో క్యూ (Kew) అనే చోట, ది నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీకి సొంతంగా యూరోపియన్ రెజిమెంట్లుండేవి. 1857 తిరుగుబాటు తరువాత అవి రాణి సైన్యంలో కలిశాయి. మద్రాసు యూరోపియన్ ఫ్యూజిలియర్లు 102వ రెజిమెంటుగా మారి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయ్యారు. కంపెనీ కాలపు కాగితాలు, ఇండియన్ ఆర్మీలోని బ్రిటిష్ అధికారుల కాగితాలు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డ్స్ విభాగంలో ఉంటాయి. బొల్లారంలో నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కాంటింజెంటు అనే సైన్యం మళ్లీ వేరు. అక్కడి బ్రిటిష్ అధికారుల కోసం కూడా ఇండియా ఆఫీస్ కాగితాలే చూడాలి. మీ వారిది 1880లు గనుక రాణి సైన్యపు రెజిమెంటు అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఊహతో ముందుకు వెళ్లకండి, మీ చేతిలో ఉన్న రెండు వస్తువులే ఆ సంగతి చెబుతాయి.

‘ఆఫీసర్’ అన్న మాటను ఒక పూటలో తేల్చుకోవచ్చు. రాణి సైన్యంలో కమిషన్ (రాణి పేరిట ఇచ్చే అధికారి నియామకపత్రం) ఉన్న ప్రతి అధికారి పేరూ అచ్చయిన ఆర్మీ లిస్టుల్లో ఉంటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాటిని స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 1885 నుంచి 1889 వరకు సంపుటాల్లో చివరి పేర్ల సూచిక చూడండి. ఉంటే ప్రతి ప్రమోషన్ తేదీ దొరుకుతుంది, ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్‌లో ప్రకటన కూడా ఉంటుంది, అదీ ఉచితమే. పేరు లేకపోతే ఆయన కమిషన్ ఉన్న అధికారి కాదు. నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువ మందికి ఇదే ఎదురైంది. ఇంట్లో ‘ఆఫీసర్’ అని చెప్పుకున్నవారు సార్జెంటో, కార్పొరలో, మామూలు ప్రైవేటో అని తేలుతుంది. ఇందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. అధికారి గురించి మిగిలేది చాలాసార్లు తేదీల వరుస. సామాన్య సైనికుడి పత్రంలో ఆయన ఎత్తు, కళ్ల రంగు, సైన్యంలో చేరకముందు చేసిన పని, పడిన జబ్బులు, తిన్న శిక్షలు అన్నీ ఉంటాయి. వంశవృక్షం రాసేవాళ్లకు అంతకన్నా విలువైన కాగితం లేదు.

ఇప్పుడు పతకం. దయచేసి దాన్ని చింతపండుతో తోమకండి, వెండి మెరిపించే పొడి కూడా వద్దు. మీకు కావలసింది ముందున్న రాణి ముఖం కాదు, పతకం అంచు. ఆ సన్నటి అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, బెటాలియన్, రెజిమెంటు చెక్కి ఉంటాయి. వంద సంవత్సరాలు పండగ పండగకూ తోమిన పతకాల అంచు నున్నగా అరిగిపోయి కనిపిస్తుంది. గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి, కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి. ఎదురు వెలుగులో కనబడని అక్షరం కూడా నీడ పడి పైకి వస్తుంది. బర్మా పట్టీ మీద ‘1885-7’ అని ఉంటే అది 1854లో మొదలైన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. 1885 నవంబరులో జనరల్ ప్రెండర్‌గాస్ట్ బర్మా రాజధాని మాండలే మీదికి నడిపిన దండయాత్రకు, ఆ తరువాత రెండేళ్ల పోరాటానికి ఇచ్చినది. లోహం కూడా చూడండి. సైనికులకు వెండి పతకం ఇచ్చారు. వెంట నడిచిన భారతీయ సహాయక సిబ్బందికి అదే పతకాన్ని కంచులో ఇచ్చారు, ఆ పద్ధతి ఈ బర్మా పట్టీతోనే మొదలైంది. మీ దగ్గరున్నది కంచుదైతే అది ఆ బ్రిటిష్ సైనికుడిది కాకపోవచ్చు. బహుశా మీ కుటుంబంలోని మరో పక్కవారిది, ఆ కథ వేరే వెతకాలి. వెండిదైతే అంచు మీది నంబరుతో క్యూలోని పతకాల జాబితాల్లో, అంటే డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, బ్రిటన్ యుద్ధ శాఖ) 100 వరుసలో, సరిచూసుకోవచ్చు.

బాప్టిజం నకలులో మీరు బిడ్డ పేరు, తేదీ మాత్రమే చూసి ఉంటారు. తండ్రి వృత్తి రాసే గడి చూడండి. దండు చర్చిల్లో అక్కడ హోదా, రెజిమెంటు రాసేవారు. ఒక్కొక్కసారి బెటాలియన్, కంపెనీ కూడా ఉంటాయి. మీ నకలు తరువాతి కాలంలో తీసినది అయితే ఆ గడి వదిలేసి ఉండవచ్చు. తిరుమలగిరిలో ఆల్ సెయింట్స్ చర్చి ఉంది, సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్, బొల్లారంలో హోలీ ట్రినిటీ. ఏ చర్చిదో తెలిస్తే అసలు రిజిస్టరు అక్కడే అడగండి. అక్కడ దొరకకపోయినా దారి మూసుకుపోదు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజం, పెళ్లి, ఖనన పద్దులకు నకళ్లు తీసి లండన్‌కు పంపేవారు. హైదరాబాద్ రాజ్యంలోని దండు చర్చిలూ ఆ లెక్కలోకే వచ్చాయి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో బొమ్మలుగా చూడవచ్చు. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వాళ్ల సూచికలో ఉచితంగా వెతకవచ్చు. ఆ బిడ్డ ఒక్కరితో ఆపకుండా తోబుట్టువులందరి బాప్టిజాలు, తల్లిదండ్రుల పెళ్లి తీయండి. పెళ్లినాడు కార్పొరల్, మొదటి బిడ్డనాటికి సార్జెంటు, మూడో బిడ్డనాటికి పింఛనుదారు అని మూడు పద్దుల్లో ఉంటే ఆయన ఉద్యోగ జీవితం సగం మీ ముందుకు వచ్చినట్టే.

రెజిమెంటు, నంబరు తేలాక అసలు పత్రానికి వెళ్లాలి. దాని పేరు డబ్ల్యూఓ 97. 1760 నుంచి 1913 వరకు సైన్యం నుంచి విడుదలైన సైనికుల పత్రాలు ఇందులో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్‌లో దొరుకుతాయి. వీటిని చెల్సియా పింఛనుదారుల పత్రాలంటారు గాని ఆయన చెల్సియాలో కాపురమున్నారని అర్థం కాదు. పింఛను లెక్క చూసేది అక్కడి రాయల్ హాస్పిటల్, మనిషి ఎక్కడైనా ఉండవచ్చు. 1883కు ముందు విడుదలైనవారిలో పింఛను వచ్చినవాళ్ల పత్రాలే ఉంటాయి. ఆ ఏడాది నుంచి గడువు తీరి వెళ్లినవాళ్లవి, డబ్బు కట్టి విడుదల కొనుక్కున్నవాళ్లవి కూడా చేర్చారు. మీ వారు 1889లో ఇంకా సైన్యంలో ఉంటే ఈ మెరుగైన కాలంలోకే వస్తారు.

ఆ పత్రం చేతికి వస్తే ఏమి చూడాలో చెబుతాను. మొదటి పేజీ చేరిక ఒప్పందం: పుట్టిన పారిష్, దానికి దగ్గరి పట్టణం, వయసు, చేసిన పని. చేరిన తేదీకి ఎదురుగా వయసు చూసి నమ్మేయకండి, పద్దెనిమిది నిండాయని చెప్పి చేరిన పిల్లలు చాలామంది. తరువాత సైనిక చరిత్ర పట్టిక. అందులో ‘హోమ్’ అంటే బ్రిటన్, ఐర్లండ్. ఇండియా అనే మాట కోసం చూస్తే చాలాసార్లు కనిపించదు, ‘ఈస్ట్ ఇండీస్’ అని ఉంటుంది, పక్కన తేదీ నుంచి తేదీ దాకా. 1870 తరువాత చేరినవాళ్లకు మామూలు ఒప్పందం పన్నెండేళ్లు, కొంతకాలం సైన్యంలో, మిగతాది రిజర్వులో. ఇరవయ్యొక్క ఏళ్లు పూర్తి చేయడానికి ఒప్పందం పొడిగించుకున్నారంటే పింఛను మీద ఆశ పెట్టుకున్నారని అర్థం. సత్ప్రవర్తన బ్యాడ్జీలు రాసి ఉంటాయి. ఒక్కో బ్యాడ్జీకి రోజుకు ఒక పెన్నీ అదనం. అది పోయిందని రాసి ఉంటే ఆ తేదీకి దగ్గరలో శిక్ష ఉంటుంది, తాగుడే చాలాసార్లు కారణం. వైద్య పట్టికలో సికింద్రాబాద్ పేరు, జ్వరం, ఆస్పత్రిలో ఉన్న రోజులు దొరకవచ్చు. పెళ్లి ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన జరిగిందో, పిల్లల పేర్లతో సహా మరో గడిలో ఉంటుంది. ఒక్క జాగ్రత్త. అనుమతి లేకుండా చేసుకున్న పెళ్లిని సైన్యం లెక్కలోకి తీసుకోలేదు. ఆ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన పెళ్లి జరగలేదనుకోకండి. ముఖ్యంగా ఇక్కడి అమ్మాయిని చేసుకున్నవారి విషయంలో ఆ ఖాళీని నమ్మడానికి లేదు. చర్చి పద్దే సాక్ష్యం. చివరి పేజీలో ‘ఉండబోయే చోటు’ అనే గడిలో సికింద్రాబాద్ అని ఉంటే ఆయన ఇక్కడే విడుదలై ఇక్కడే ఆగిపోయారని రూఢి అవుతుంది.

పత్రం దొరకకపోతే రెజిమెంటు జీతాల పట్టీలు ఉన్నాయి. 1878 దాకా డబ్ల్యూఓ 12, ఆ తరువాత డబ్ల్యూఓ 16. ఇవి పెద్ద పెద్ద కట్టలు, చాలావరకు క్యూకు వెళ్లి తిప్పవలసినవే. ప్రతి మనిషికీ ఎన్ని రోజులకు జీతం ఇచ్చారో, ఆ త్రైమాసికంలో ఆయన ఆస్పత్రిలో ఉన్నారో, జైల్లో ఉన్నారో, ఓడ మీద ఉన్నారో పక్క గడిలో రాసి ఉంటుంది. జీతం లెక్క గనుక తప్పు రాయడానికి వీల్లేదు. అందుకే నాకు వీటి మీద ఉన్న నమ్మకం మరే కాగితం మీదా లేదు. 1860ల చివరి నుంచి 1880ల మొదటి వరకు కొన్ని పట్టీల్లో సైన్యం అనుమతితో పెళ్లయినవాళ్ల జాబితా కూడా ఉంటుంది. మీ వారు అప్పటికే పెళ్లయినవారైతే అక్కడ భార్య ఉనికి తెలుస్తుంది. 1880ల చివరి పట్టీలు అంత వివరంగా ఉండవు.

మరో మార్గం చాలామందికి తట్టదు. రెజిమెంటు ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్తుంటే కొందరు సార్జెంట్లు అక్కడినుంచి విడిపోయి ఇండియన్ అన్‌అటాచ్డ్ లిస్టులోకి, అంటే ఏ రెజిమెంటుకూ చెందనివారి జాబితాలోకి మారేవారు. ఆయుధాగారం, కమిసరియట్, పబ్లిక్ వర్క్స్ శాఖల్లో ఉద్యోగం చేసేవారు. సబ్-కండక్టర్, కండక్టర్ అనే హోదాలకు ఎదిగేవారు. వీళ్ల కాగితాలు క్యూలో ఆగిపోయి, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మళ్లీ మొదలవుతాయి. దక్షిణ భారతంలో స్థిరపడ్డ ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల్లో ఈ తరగతి వారు ఎందరో ఉన్నారు. ఇంట్లో వాడుకలో ‘ఆఫీసర్’ అన్న మాటకు మూలం ఇక్కడే ఉండవచ్చని నాకు అనిపిస్తోంది. కండక్టర్ లాంటి వారెంటు అధికారిని, అంటే కమిషన్ లేకున్నా సార్జెంటుకు పైన ఉండేవాడిని, చుట్టుపక్కల వాళ్లు ఆఫీసరనే పిలుస్తారు కదా.

ఇక కొడుకు సంగతి. మొదటి యుద్ధంలో పనిచేసిన సామాన్య సైనికుల సర్వీసు కాగితాలు లండన్‌లోని ఒక గోదాములో ఉండేవి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబు పడి వాటిలో దాదాపు అరవై శాతం కాలిపోయాయి. మిగిలినవి అంచులు మాడి, మంటలార్పిన నీళ్లకు తడిసి ఉన్నాయి. ఇవే డబ్ల్యూఓ 363. పింఛను శాఖ దగ్గర విడిగా ఉండి బతికిన కాగితాలు డబ్ల్యూఓ 364. చనిపోయినవారికి రెండోదానిలో అవకాశం చాలా తక్కువ. కాబట్టి సర్వీసు పత్రం దొరుకుతుందన్న ఆశతో మొదలుపెట్టకండి, దొరికితే అదృష్టం. ముందు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో చూడండి, ఉచితం. మెసొపొటేమియాలో చనిపోయి సమాధి తెలియనివారి పేర్లు బస్రా స్మారకం మీద ఉన్నాయి, నలభై వేలకు పైగా. అమారా శ్మశానంలో నేలలోని లవణాలకు రాళ్లు చెడిపోతున్నాయని 1933లో సమాధి రాళ్లన్నీ తీసేసి గోడ మీద పేర్లు చెక్కారు. అందువల్ల ఫోటోలో రాయి కనబడలేదని సమాధి లేదనుకోవద్దు. ఆ వెబ్‌సైట్‌లో నంబరు, బెటాలియన్, మరణించిన తేదీ మీ చేతికి వస్తాయి.

ఆ నంబరుతో పతకాల సూచిక కార్డు, డబ్ల్యూఓ 372 తీయండి. కార్డు చిన్నదే గాని అందులో ఆయన పనిచేసిన రెజిమెంట్లు, నంబర్లు, కొన్నిసార్లు మొదట అడుగుపెట్టిన యుద్ధరంగం ఉంటాయి. మీలాంటి కుటుంబాలకు పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. యుద్ధమంతా ఇండియాలోని దండుల్లోనే గడిపినవాళ్లకు బ్రిటిష్ వార్ మెడల్ ఒక్కటే వచ్చింది, విక్టరీ మెడల్ రాలేదు. మీ వారి కార్డులో రెండూ ఉంటే నిజంగానే యుద్ధరంగానికి వెళ్లారన్నమాట.

తరువాత చూడవలసింది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం, సోల్జర్స్ ఎఫెక్ట్స్ రిజిస్టర్లు. అసలు ప్రతులు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్నాయి, బొమ్మలు యాన్సెస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చనిపోయిన సైనికుడికి సైన్యం బాకీపడ్డ డబ్బు ఎవరికి చెల్లించారో ఒక్క వరుసలో రాశారు: ఎన్ని పౌన్లు, ఎన్ని షిల్లింగులు, ఏ తేదీన, తల్లికా, భార్యకా, చెల్లెలికా, ఆమె పేరు ఏమిటి. యుద్ధం తరువాత ఇచ్చిన గ్రాట్యుటీ సర్వీసు కాలాన్ని బట్టి లెక్కగట్టేవారు. కాబట్టి ఆ మొత్తం నుంచి వెనక్కి లెక్క వేసి ఆయన సైన్యంలో చేరిన నెలను సుమారుగా పట్టుకోవచ్చు. తల్లి పింఛనుకు అర్జీ పెట్టుకుని ఉంటే పింఛను కార్డు కూడా ఉంటుంది. అరవై లక్షలకు పైగా అలాంటి పింఛను పద్దులు పారేసే స్థితిలో ఉంటే వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంఘం కాపాడింది. సర్వీసు పత్రం కాలిపోయినా ఈ రెండు డబ్బు పద్దులతో ఆయన ఎవరి కొడుకో గట్టిగా నిరూపించవచ్చు. వంశవృక్షానికి కావలసిన ముడి అదే. బెటాలియన్ ఎక్కడ తిరిగిందో తెలుసుకోవడానికి డబ్ల్యూఓ 95లోని యుద్ధ దినచర్యలు చదవండి. అందులో మామూలు సైనికుల పేర్లు రాయడం అరుదు గాని, ఆయన మరణించిన రోజున ఆ బెటాలియన్‌కు ఏమి జరిగిందో ఉంటుంది.

ఒకవేళ ఆయన యుద్ధానికి ముందే సైన్యంలో చేరి ఉంటే 1911 బ్రిటిష్ జనగణన కూడా చూడండి. బ్రిటన్ బయట ఉన్న రెజిమెంట్లను మనిషి మనిషిగా, భార్యాపిల్లలతో సహా అందులో లెక్కించారు.

ఈ సమాధానం చదివే తెలుగువారిలో తాతలు భారతీయ సిపాయిలుగా పనిచేసినవారు ఎక్కువమందే ఉంటారు. మీ తాతగారు మద్రాస్ సాపర్స్‌లోనో, మద్రాసు పటాలాల్లోనో ఉండి ఉంటే క్యూలో సర్వీసు పత్రం కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. ఆ కాగితాల్లో మిగిలినవి ఇండియాలోని రెజిమెంటు రికార్డు కార్యాలయాల్లోనే వెతకాలి. యుద్ధాల్లో చనిపోయినవారైతే వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో భారతీయ సైనికులూ ఉన్నారు, చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాశారు. జిల్లా పేరును పాత స్పెల్లింగుతో వెతకండి, విశాఖపట్నం అంటే వైజాగపటం అన్నట్టుగా.

ఖర్చు సంగతి. చెల్లించే వెబ్‌సైట్లకు ఇప్పుడే చందా కట్టకండి. ఉచితంగా దొరికే ఆర్మీ లిస్టు, గెజిట్, ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సూచిక, వార్ గ్రేవ్స్ జాబితా ముందు పూర్తి చేసి, రెజిమెంటు, నంబరు చేతిలో పెట్టుకుని ఒక్క నెల చందా కడితే సరిపోతుంది. బ్రిటన్‌లో బంధువులుంటే అక్కడి ఊరి గ్రంథాలయాల్లో ఇలాంటి వెబ్‌సైట్లు చాలాచోట్ల ఉచితంగా చూడనిస్తారు. క్యూకు ఎవరైనా వెళ్లగలిగితే రీడర్స్ టికెట్‌కు రుసుము లేదు, గుర్తింపు, చిరునామా పత్రాలు చూపితే చాలు. ‘బ్రిటిష్ సైనికుడి పూర్తి చరిత్ర’ అని ముందే పెద్ద మొత్తం అడిగేవారికి మాత్రం డబ్బు పంపకండి. ఏ వరుసలో, ఏ కట్ట చూస్తారో చెప్పగలిగినవారికే పని అప్పగించండి.

పతకం అంచు మీద కనిపించిన ప్రతి అక్షరం, అరిగిపోయినచోట ఖాళీ వదిలి, ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. బాప్టిజం నకలులో తండ్రి పేరు పక్కనున్న మాటలు కూడా కావాలి, అర్థం కాకపోతే అక్షరం అక్షరం రాయండి. పతకం వెండిదా కంచుదా చెప్పడం మరచిపోకండి. రెజిమెంటు తేలితే అది ఏ ఏడాది తిరుమలగిరికి వచ్చిందో, ఎప్పుడు వెళ్లిపోయిందో చూసి తరువాత ఏ కట్ట తెరవాలో చెబుతాను.